మెడ, భుజం పట్టేస్తే ఏ మసాజ్ మంచిది? స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్... వీటికి తేడా ఏంటి?

నీలిమేఘం:

అందరికీ నమస్కారం. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. సాయంత్రానికి మెడ నుంచి కుడి భుజం దాకా బిగుసుకుపోతుంది. మెడకీ భుజానికీ మధ్య కండ మీద ఒకచోట వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయినంత పనవుతుంది, ఒక్కోసారి అదే వైపు కణత దాకా తలనొప్పి పాకుతుంది. డాక్టర్‌కి చూపించాను. ఎముకల్లో ఏమీ లేదు, కండరాల నొప్పే, వ్యాయామం చెయ్యండి, కావాలంటే మసాజ్ చేయించుకోండి అన్నారు. సరే కదా అని వెతికితే స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్, షియాట్సు, అభ్యంగం, రిఫ్లెక్సాలజీ, ఇలా బోలెడు పేర్లు. దేని కింద చూసినా "ఒత్తిడి తగ్గుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది, విషపదార్థాలు బయటికి పోతాయి" అనే రాశారు. అన్నీ ఒకే పని చేస్తే ఇన్ని రకాలు ఎందుకండీ?

ఇంకో విషయం కూడా. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. ఈమధ్య ఆ వైపు చెయ్యి వాస్తోంది. బంధువులావిడ ఒకరు నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే దిగిపోతుంది అంటున్నారు. చేయించొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఫిజియో_చేతులు:

ముందు అమ్మగారి సంగతి. గట్టి మర్దన వద్దు, అసలు వద్దు. ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఆ చెయ్యి చూపించండి, ఎందుకంటే కొత్తగా వచ్చిన వాపుకి రక్తం గడ్డకట్టడం లాంటి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. చంకలో గ్రంథులు తీసేశాక ఆ చేతి నుంచి లింఫ్ అనే నీరులాంటి ద్రవం వెళ్లే దారులు తగ్గిపోతాయి, ద్రవం చర్మం కింద నిలిచిపోతుంది. ఈ వాపుని లింఫెడీమా అంటారు. దీనికి చేసే పద్ధతే వేరు, మాన్యువల్ లింఫాటిక్ డ్రైనేజ్ అంటారు. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్, ఎస్ట్రిడ్ వాడర్ దంపతులు 1930ల్లో దీన్ని రూపొందించారు. చూసేవాళ్లకి ఇది మసాజ్‌లాగే అనిపించదు. నూనె అక్కర్లేదు, ఒత్తిడి ఎంత తక్కువంటే చర్మం కొద్దిగా సాగి మళ్లీ వెనక్కి వస్తే చాలు. ఎందుకంటే ఆ సన్నటి లింఫ్ నాళాలు చర్మం కిందే ఉంటాయి. గట్టిగా నొక్కితే అవి మూసుకుపోతాయి.

వాచిన చెయ్యి పట్టుకుని మొదలుపెట్టరు, ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ముందు మెడ, తర్వాత ఛాతీ, అవతలి వైపు చంక, అంటే ద్రవం వెళ్లాల్సిన చోట దారి చేస్తారు. ఆ తర్వాతే భుజం, మోచేయి, చివరికి ముంజేయి. పైకి తోసిన ద్రవం మళ్లీ కిందికి దిగకుండా చేతికి ప్రత్యేకమైన కట్టు కడతారు లేదా బిగుతు తొడుగు వేస్తారు. ఆ కట్టు, వ్యాయామం, చర్మ సంరక్షణ లేకుండా డ్రైనేజ్ ఒక్కటే చేస్తే ఫలితం నిలవదు. లింఫెడీమాలో శిక్షణ తీసుకున్న ఫిజియో ఎవరో డాక్టర్‌నే అడగండి. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా అది ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, అప్పుడు ఏ మర్దనా చెయ్యకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మీ మెడ గురించి మసాజ్ చేసేవాళ్లు నాకంటే బాగా చెప్తారు.

తైలధార:

చాలా ఏళ్లుగా ఇదే నా వృత్తి అండి, కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను. ముందు ఆ "విషపదార్థాలు" అన్న మాట పక్కన పెట్టేయండి, ఆ పని మీ కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటున్నాయి. మసాజ్‌తో నిజంగా జరిగేది ఏంటంటే బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి కొంతకాలం తగ్గుతుంది, మనసు నెమ్మదిస్తుంది, నిద్ర బాగా పడుతుంది. ఇవి చిన్న విషయాలేం కాదు. నడుంనొప్పి మీద 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, కొత్తగా వచ్చిన నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో వేడి కాపడంతో పాటు మసాజ్‌ని కూడా చేర్చారు. అలాగని ఒక్క మసాజ్‌తో నొప్పి శాశ్వతంగా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

స్వీడిష్ అంటే బల్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, అరచేతులతో పొడవుగా నిమరడం, కండని పట్టి పిసకడం, వేళ్లతో రుద్దడం, అరచేతి అంచుతో తట్టడం. స్వీడన్‌కి చెందిన లింగ్ దీన్ని కనిపెట్టారని అంటుంటారు కానీ, ఆయన పేరు వ్యాయామ చికిత్సకే ఎక్కువ చెందుతుంది. ఈ కదలికలకి ఒక వరస, పేర్లు ఏర్పడటం వెనక డచ్ డాక్టర్ మెజ్గర్ పని ఉంది. మొదటిసారి చేయించుకునేవాళ్లు, టెన్షన్‌తో నిద్రపట్టనివాళ్లు దీనితోనే మొదలుపెడితే మంచిది.

డీప్ టిష్యూ అంటే అదే మసాజ్ ఇంకా గట్టిగా చెయ్యడం అనుకుంటారు చాలామంది, నాకు బాధ కలిగించే విషయం ఇదే. అసలు తేడా బలంలో కాదు, నెమ్మదిలో. పై కండరం వదులయ్యేదాకా ఆగి, అది దారి ఇచ్చాక లోపలి పొరలోకి దిగాలి. నూనె కూడా కొంచెమే వాడతాం, లేకపోతే చెయ్యి జారిపోయి కండ పట్టు దొరకదు. ఊపిరి బిగబట్టాల్సినంత నొప్పి పుడుతోందంటే కండరం తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటోందన్నమాట. నేను పదికి ఎంత నొప్పి అని అడుగుతుంటాను, ఆరు దాటిందంటే చెయ్యి తేలిక చేస్తాను. ఒకటి రెండు రోజులు కాస్త సలపరం ఉండటం మామూలే. ఒళ్లు నల్లగా కమిలిపోయిందంటే మాత్రం అది బాగా చేసినట్టు కాదు.

మీరు చెప్పిన లక్షణం వింటే నాకు ట్రిగర్ పాయింట్ పద్ధతి గుర్తొస్తోంది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యం చేసిన జానెట్ ట్రావెల్ అనే డాక్టర్ దీని మీద చాలా పని చేశారు. కండలో ఒక బిగుతు చోటు నొక్కితే నొప్పి అక్కడే కాకుండా దూరంగా ఇంకోచోట తెలుస్తుంది. మెడకీ భుజానికీ మధ్య ఉండే ట్రపీజియస్ కండలో పైభాగాన్ని నొక్కితే నొప్పి కణతకి పాకడం మేము తరచూ చూసేదే. ఆ కండని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టుకుని, నొప్పి "ఓర్చుకోగలను" అనేంతలో ఆపి, అలాగే పట్టి ఉంచుతాం. కాసేపటికి వేళ్ల కింద ఆ బిగువు కరుగుతున్నట్టు తెలుస్తుంది, మనిషి కూడా తెలియకుండానే ఒక పెద్ద ఊపిరి వదులుతాడు. అప్పుడు ఆ భుజాన్ని మెల్లగా సాగదీసి వదిలేస్తాం. ఇలా చేసేటప్పుడు మీ కణతలో ఆ నొప్పే కనిపించిందంటే సరైన చోట పట్టుకున్నట్టే. లోపల ఆ ముడి ఏంటనే దాని మీద డాక్టర్లలో ఇప్పటికీ వాదనలున్నాయి, కానీ ఉపశమనం మాత్రం చాలామందికి దొరుకుతుంది.

కాబట్టి పేరు చూసి బుక్ చెయ్యకండి. "మెడ, భుజాల మీదే ఎక్కువసేపు పని చెయ్యాలి, ట్రిగర్ పాయింట్ తెలిసినవాళ్లు కావాలి" అని అడగండి. మీ ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మొదలుపెట్టేవాళ్ల దగ్గర మాత్రం ఉండకండి.

మౌనరాగం:

నూనె జిడ్డు, బట్టలు తీయడం ఇబ్బందిగా ఉంటే థాయ్ లేదా షియాట్సు చూడండి. రెండూ వదులు బట్టల మీదే, మామూలుగా కింద పరుపు మీద చేస్తారు. నాకైతే థాయ్ అంటే ప్రాణం. అరచేతులు, మోచేతులు, మోకాళ్లు, పాదాలతో కూడా నొక్కుతూ, మన కాళ్లూ చేతులూ పట్టుకుని సాగదీస్తారు. మనం కష్టపడకుండా ఎవరో మనతో యోగాసనాలు వేయించినట్టు ఉంటుంది. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో ఈ విద్యకి సంబంధించిన రాతి ఫలకాలు ఉన్నాయి, 2019లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. కూర్చుని కూర్చుని తొడల వెనక, తుంటి దగ్గర బిగుసుకుపోయినవాళ్లకి చాలా హాయిగా ఉంటుంది. కానీ డిస్క్ సమస్య, కీళ్ల మార్పిడి, ఎముకల బలహీనత ఉన్నవాళ్లు ఆ సాగదీతల జోలికి పోకూడదు, ముందే చెప్పాలి.

షియాట్సు ఇంత హడావిడిగా ఉండదు. బొటనవేళ్లతో, అరచేతులతో ఒక్కో చోట నిలకడగా నొక్కి వదులుతారు. దీనికి పేరు తెచ్చినది టొకుజిరో నమికోషి, జపాన్‌లో 1964 నుంచి ఇది ప్రత్యేక చికిత్సగా ప్రభుత్వ గుర్తింపులో ఉంది.

రిఫ్లెక్సాలజీ గురించి ఒక్క మాట. పాదాలకి హాయిగా ఉంటుంది, అలసట తీరుతుంది. అరికాల్లో ఒక చోట నొక్కితే కాలేయం బాగుపడుతుందనే దానికి మాత్రం సరైన ఆధారాలు లేవు.

పరుగు_ఇష్టం:

స్పోర్ట్స్ మసాజ్ ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. పోటీకి ముందు చేసేది వేగంగా, తేలిగ్గా ఉంటుంది, తర్వాత చేసేది నెమ్మదిగా ఉంటుంది. పోటీకి ముందు రోజు డీప్ టిష్యూ చేయించుకోకండి, కాళ్లు బరువెక్కుతాయి. పరుగెత్తేటప్పుడు కండరాల్లో చేరే లాక్టిక్ ఆసిడ్‌ని మసాజ్ పిండేస్తుంది అనేది కూడా నిజం కాదు, పరుగు ఆపిన గంట రెండు గంటల్లో అది తనంతట తనే సర్దుకుంటుంది. మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులు మాత్రం మసాజ్‌తో కొంచెం తగ్గుతాయి, అది చాలు నాకు.

నీలిమేఘం:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. అమ్మ డాక్టర్‌కి ఫోన్ చేశాను, రేపే తీసుకురమ్మన్నారు. ఇంకో రెండు సందేహాలు. అభ్యంగం నా మెడకి పనికొస్తుందా? ఇంకోటి, మసాజ్ చివర్లో మెడ పట్టుకుని టక్కున తిప్పుతారు కదా, దానితో పట్టు వదిలిపోతుందంటారు, చేయించుకోవచ్చా?

తైలధార:

అభ్యంగం ఒళ్లంతటికీ చేసేది. గోరువెచ్చని నువ్వుల నూనె లేదా మూలికా తైలం ఎక్కువగా వాడి, పొడవాటి ఎముకల మీద పొడవుగా, కీళ్ల దగ్గర గుండ్రంగా చేస్తారు. చాలాచోట్ల ఇద్దరు చెరో పక్కనా నిలబడి ఒకే లయలో చేస్తారు. వాగ్భటుడు అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో దీన్ని రోజూ చేసుకోమన్నాడు, తల, చెవులు, పాదాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమన్నాడు. అజీర్ణం, కఫం ఉన్నప్పుడు వద్దన్నది కూడా ఆయనే. చర్మం పొడిబారినవాళ్లకి, అలసిపోయి నిద్ర కోసం చూసేవాళ్లకి నేను ఇదే చెప్తాను. మీ భుజం ముడికి మాత్రం ఇది చాలదు, అక్కడ ఆగి పని చేసే చెయ్యి కావాలి.

ఫిజియో_చేతులు:

మెడ తిప్పించుకోకండి. ఆ టక్ అనే శబ్దం కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడటం వల్ల వచ్చేది, ఏదో సర్దుకుని దాని చోటికి వెళ్లిందని అర్థం కాదు. మెడ ఎముకల గుండా మెదడుకి వెళ్లే రక్తనాళాలున్నాయి. హఠాత్తుగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. పడుకునే ముందే "మెడ తిప్పొద్దు" అని చెప్పేయండి, మొహమాటపడకండి.

ఒక కాలి పిక్కలోనే వాపు, నొప్పి ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడగకుండా ఏ మసాజూ చేయించుకోకూడదు. చెయ్యి మొద్దుబారడం, పట్టు తగ్గి వస్తువులు జారిపోవడం లాంటివి మొదలైతే అది కండరాల సంగతి కాదు, మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రేపు అమ్మగారితో వెళ్లినప్పుడు వాచిన చేతికి బీపీ చూడొచ్చా, సూది గుచ్చొచ్చా అని కూడా అడిగి తెలుసుకోండి.