24 గంటల మౌంటెన్ బైక్ రిలే: రాత్రిపూట ఒక్కో ల్యాపా, రెండేసి ల్యాపులా?

ప్రశ్న:

మేము నలుగురం కలిసి మొదటిసారిగా 24 గంటల మౌంటెన్ బైక్ రిలేలో పాల్గొనబోతున్నాము. పోటీ మధ్యాహ్నం 12 గంటలకు మొదలై మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు ముగుస్తుంది. ల్యాపు, అంటే బాట మీద ఒక చుట్టు, దూరం 14 కిలోమీటర్లు, అందులో సగానికి పైగా రాళ్లూ వేర్లూ నిండిన సన్నని బాట. పగటి సాధనలో మా సగటు గంట వస్తోంది. మాలో వేగంగా తొక్కేవాడికి 52 నిమిషాలు పడితే, నాకు 68 నిమిషాలు పడుతుంది. రాత్రి కూడా ల్యాపుకొకరు చొప్పున మారుతూ పోవాలా, లేక ఒక్కొక్కరు వరుసగా రెండేసి ల్యాపులు తొక్కి మిగతావాళ్లకు నిద్రపోయే వీలు కల్పించాలా అన్న విషయంలో మాలో మాకే ఏకాభిప్రాయం కుదరడం లేదు. రెండో ల్యాపులో వేగం తప్పకుండా పడిపోతుందని ఒకరి వాదన. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు. దీపాల గురించి కూడా సలహా కావాలి.

జవాబు 1:

వేగం పడిపోతుందన్న మాట నిజమే, కాని అది లెక్కలో ఒక వైపు మాత్రమే. ఎవరికి ఎంత నిద్ర దొరుకుతుందో కాగితం మీద వేసి చూడండి. ల్యాపుకొకరు చొప్పున మారితే ప్రతి ఒక్కరికీ మధ్యలో మూడు గంటలు ఉంటాయి. అందులో తడిసిన బట్టలు మార్చుకోవడానికి, తినడానికి, బైక్ కడిగి చైన్‌కు నూనె వేయడానికి ముప్పావు గంట పోతుంది, తర్వాతి వంతుకు అరగంట ముందే లేచి తయారు కావాలి. మిగిలిన గంటా ముప్పావులో, గుండె ఇంకా దడదడలాడుతుండగా, వెంటనే నిద్ర పట్టేవాళ్లు అరుదు.

మీ సగటు గంట కాబట్టి రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 వరకు రెండేసి ల్యాపులు పెట్టుకుంటే ఆ ఎనిమిది గంటలు నలుగురికీ సరిగ్గా సరిపోతాయి. అటూ ఇటూ మిగిలిన సమయంలో ఒక్కో ల్యాపు చొప్పున మారవచ్చు. అప్పుడు మొదటివాడు 10 గంటలకు దిగి 4 దాకా పడుకుంటాడు. నాలుగోవాడు సాయంత్రపు ల్యాపు 8కి ముగించి 2 గంటలకు ఎక్కుతాడు, అంటే ఆరు గంటల విరామం అతనికి ముందే వస్తుంది. మధ్యలో ఉన్న ఇద్దరికీ మాత్రం వంతుకు ముందూ వెనుకా కలిపి తొమ్మిది గంటలు రెండు ముక్కలుగా విడిపోతాయి, ఆ అసౌకర్యాన్ని వాళ్లు ముందే ఒప్పుకోవాలి. రాత్రి ల్యాపులు ఐదు పది నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి ఈ వేళలన్నీ కాస్త వెనక్కి జరుగుతాయి, దానికి కంగారు పడనక్కరలేదు.

జవాబు 2:

పై లెక్కతో నాకు పేచీ లేదు గాని, రెండేసి ల్యాపులతో ఇంకో లాభం ఉంది: రాత్రి వంతు మార్పిడులు సగానికి తగ్గుతాయి. రిలే ఓడిపోయేది బాట మీద కంటే వంతు మార్చుకునే చోటే ఎక్కువ. ఒకసారి తెల్లవారుజామున మూడున్నరకు నేను ల్యాపు ముగించి వచ్చి చూస్తే నా తర్వాతివాడు లేడు. గుడారంలో గాఢనిద్రలో ఉన్నాడు. చేతిలో బ్యాటన్ పట్టుకుని, చెమట చల్లారి పళ్లు టకటకా కొట్టుకుంటుండగా, 11 నిమిషాలు నిలబడ్డాను. అంతకు ముందు దిగుడు దారిలో ప్రాణాలకు తెగించి సంపాదించింది నిమిషంన్నర! తప్పు అతనిది కాదు, లేపే పని ఎవరిదో మేము నిర్ణయించుకోలేదు. బైక్ ఎక్కేవాడు వెళ్లే ముందు తన తర్వాతివాడిని కళ్లు తెరిపించి, కూర్చోబెట్టి, అప్పుడు వెళ్లాలన్నది అప్పటి నుంచి మా నియమం. రెండు ల్యాపుల వంతయితే లేపే బాధ్యత అప్పుడే దిగినవాడికి అప్పగించండి, అతను ఎలాగూ తింటూ గంటసేపు మేలుకునే ఉంటాడు.

చివరి ల్యాపు గురించి నిర్వాహకుల నియమావళిని తప్పక చదవండి. కొన్ని పోటీల్లో 12 లోపు గీత దాటితేనే ల్యాపు లెక్కకు వస్తుంది, మరికొన్నింటిలో 12 లోపు బయలుదేరితే చాలు. 11 గంటల 5 నిమిషాలకు వచ్చినవాడి తర్వాత 52 నిమిషాలవాడిని పంపాలా, వద్దా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

జవాబు 3:

దీపాల సంగతి. ఒకటి హ్యాండిల్ మీద, ఒకటి హెల్మెట్ మీద, రెండూ ఉండాలి. హెల్మెట్ దీపం మీ చూపుతో పాటే తిరుగుతుంది కాబట్టి మలుపులో బాటను ముందే చూపిస్తుంది. అయితే దాని వెలుగు మీ కళ్ల దగ్గర నుంచే పడడం వల్ల రాయి వెనుక నీడ కనిపించదు, ఎత్తుపల్లాలు చదునుగా తోస్తాయి. హ్యాండిల్ దీపం కిందుగా ఉంటుంది గనుక ప్రతి వేరుకూ పొడవైన నీడ పడుతుంది, లోతు తెలిసేది ఆ నీడ వల్లనే. మంచు కురిసినా దుమ్ము లేచినా హెల్మెట్ దీపాన్ని తగ్గించండి, లేకపోతే తెల్లటి గోడ ఎదుట తొక్కుతున్నట్టు ఉంటుంది.

చలిలో లిథియం బ్యాటరీ తక్కువసేపు నిలుస్తుంది. పెట్టె మీద రెండు గంటలని రాసి ఉంటే రెండు ల్యాపులకు దాన్ని నమ్ముకోకండి, ఎక్కుడు దారిలో వెలుగు తగ్గించి దిగుడుకు దాచుకోండి. స్కాట్లాండ్‌లో జనవరిలో జరిగే స్ట్రాత్‌పఫర్ పోటీలో చీకటే సుమారు 17 గంటలు ఉంటుంది, అక్కడ దీపాల నిర్వహణ తొక్కడమంత పెద్ద పని.

జవాబు 4:

ఇంత ప్రణాళిక దేనికని అనిపిస్తే ఒక సంగతి వినండి. ఈ తరహా పోటీలకు ఆద్యమైన 24 అవర్స్ ఆఫ్ కెనాన్‌ను లెయిర్డ్ నైట్ 1992లో వెస్ట్ వర్జీనియాలో జట్ల కోసమే మొదలుపెట్టారు. 1996లో జాన్ స్టామ్‌స్టాడ్ తన పేరునే నాలుగు రకాలుగా రాసి నలుగురి జట్టుగా నమోదై, మొత్తం ఒక్కడే తొక్కాడు. ఆయన ముందు మన రెండు ల్యాపులు ఎంత!

నావి రెండే మాటలు. వాన పడే సూచన ఉంటే సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) బ్రేక్ ప్యాడ్‌లు వేసుకోండి, ఇసుక బురదలో మెత్తటి రెజిన్ ప్యాడ్‌లు కొద్ది ల్యాపుల్లోనే లోహం తగిలేదాకా అరిగిపోతాయి. ఇక తిండి: దిగిన వెంటనే ఆకలి వేయకపోయినా తినాలి. కొన్ని గంటల్లో మళ్లీ తొక్కాల్సినప్పుడు శరీర బరువు కిలోకు గంటకు సుమారు 1 గ్రాము పిండిపదార్థం చొప్పున మొదటి మూడు నాలుగు గంటలు తీసుకుంటే కండరాల్లో గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థపు నిల్వ) త్వరగా నిండుతుంది. ఆ సమయంలో సగం నిద్రలో పోతుంది కాబట్టి పడుకునే ముందే ఎక్కువ భాగం తినేయండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి జవాబులోని లెక్కను జట్టుకు చూపించాను, 8 నుంచి 4 వరకు రెండేసి ల్యాపులకు అందరూ ఒప్పుకున్నారు, వేగం పడిపోతుందన్న మిత్రుడు కూడా. 2 గంటల వంతు ఎవరిదన్న దగ్గర మళ్లీ చర్చ మొదలైంది. సాయంత్రం ఎనిమిదిన్నరకే నిద్రపోగలిగేది నేనొక్కడినే అని తేలడంతో అది నాకే వచ్చింది. నన్ను ఒకటిన్నరకు లేపే బాధ్యత అర్ధరాత్రి దిగేవాడిది. ఈ వారాంతంలో ఒకసారి ఆ వేళకే లేచి, రెండు దీపాలతో, అదే రకం బాట మీద రెండు గంటలు తొక్కి చూస్తాను.