‘చేయాలి’ అంటే విధియా, హితవా? పారిస్ ఒప్పందం తెలుగులో

పారిస్ వాతావరణ ఒప్పందంలో మన దేశం కొనసాగాలా, వద్దా అని నెల్లూరులో జరిగిన ఒక చర్చలో ఒక పెద్దాయన ఇలా అడిగారు: ‘తగ్గించాలని సంతకం పెట్టినాం గదా, మరి కృష్ణపట్నం కాడ ఇంకా బొగ్గు ఎట్టా కాలస్తా ఉండారు?’ వేదిక మీదివారు విద్యుత్ అవసరాల గురించి చాలాసేపు మాట్లాడారు గానీ, చిక్కు ‘తగ్గించాలి’ అన్న క్రియలోనే ఉందని గమనించినట్లు లేదు.

ఆంగ్ల పాఠంలో ‘షల్’ విధిని చెబుతుంది, ‘షుడ్’ హితవును చెబుతుంది. 4వ అధికరణం ప్రకారం ప్రతి దేశమూ తన లక్ష్యాలను తానే నిర్ణయించుకొని సమర్పించడం, వాటిని అందుకొనే ఉద్దేశంతో చర్యలు చేపట్టడం విధి. అందుకొని తీరడం మాత్రం విధి కాదు. సంపన్న దేశాలు ఉద్గారాల (భూమిని వేడెక్కించే వాయువుల) కోతలో ముందుండడం గురించి 2015 డిసెంబరు 12న వచ్చిన చివరి ముసాయిదాలో ‘షల్’ అని ఉండగా, అమెరికా అభ్యంతరంతో దానిని ‘షుడ్’ చేశారు. ‘షల్’ నిలిచి ఉంటే ఒప్పందం అమెరికా ఎగువసభ అయిన సెనేట్ ఆమోదానికి వెళ్లవలసి వచ్చేది. వర్ధమాన దేశాలకు బాధ్యతలు లేని ఒప్పందంపై సంతకం చేయరాదని 1997లో 95–0తో తీర్మానించిన సభ అది.

మన పత్రికలలో మాత్రం రెండూ ‘చేయాలి’గానే కనిపిస్తాయి.

దస్తావేజుల తెలుగు ఈ విషయంలో జాగ్రత్త ఎరిగినదే. ప్రామిసరీ నోటులోని ‘కోరినప్పుడు చెల్లించగలవాడను’ అన్న మాటలో ‘గల’ శక్తిని కాదు, వాగ్దానాన్ని తెలుపుతుంది. ‘ఇచ్చే శక్తి ఉందన్నానే గానీ ఇస్తానని రాయలేదు’ అని ఒంగోలు కోర్టులో వాదిస్తే ప్లీడరే నవ్వుతాడు. అయితే శుభలేఖలోని ‘విచ్చేయగలరు’ కేవలం మనవి కాబట్టి, ఈ ‘గల’ మన పనికి రాదు.

నా ప్రతిపాదన ఇది: విధికి ‘వలెను’, హితవుకు ‘తగును’. అప్పుడు ప్రతి దేశమూ లక్ష్యాలను ‘సమర్పించవలెను’, సంపన్న దేశాలు ‘ముందుండదగును’ అవుతాయి. ‘తగును’ గ్రాంథికమని కొందరు అనవచ్చు. ‘నీకిది తగదు’ అని రోజూ అనే మనకు దాని అస్తిరూపం అంత పరాయిది కాదు. ఇక భారత్ 2022లో సమర్పించిన లక్ష్యం, 2005తో పోల్చి 2030 నాటికి తగ్గిస్తామన్న 45 శాతం, మొత్తం ఉద్గారాలకు కాదు, జీడీపీలో రూపాయికి వెలువడే ఉద్గారాలకు సంబంధించినది. కనుక బొగ్గు కాల్చినంత మాత్రాన ఒప్పందం తప్పినట్లు కాదని ఆ పెద్దాయనకు చెప్పి ఉండవలసింది.

ఈ ప్రాంతపు పాత దస్తావేజులు, తీర్పు నకళ్లు మీ దగ్గర ఉంటే, వాటిలో ‘తగును’ ఏ అర్థంలో వచ్చిందో చూసి తెలుపగలరు.