ఎర వేయడమా, ఎర చూపడమా?

మిత్రులారా, ఒక మాట గురించి అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. "ఉద్యోగం ఎర చూపి లక్షలు కాజేశారు" అని పేపర్లో తరచూ వస్తుంటుంది. చదివిన ప్రతిసారీ ఆ 'చూపి' దగ్గర నాకు పంటి కింద రాయి తగిలినట్టే ఉంటుంది.

మాది కొల్లేటి పక్క ఊరు. చిన్నప్పుడు తాతయ్యతో దోనెలో గాలానికి వెళ్లేవాణ్ణి. తాటి మొద్దును తొలిచి చేసిన దోనె అది. ఒకరు పక్కకు వంగితే రెండోవాళ్లు బిగుసుకుని కూర్చోవాల్సిందే. తాతయ్య గెడ వేసుకుంటూ కిక్కిస దుబ్బుల దాకా తీసుకెళ్లి, అక్కడ గెడను బురదలో దింపి దోనెను దానికి కట్టేసేవాడు. కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో వానపాములు. ఎర గుచ్చడం నా పని. ముల్లు కొన బయటికి కనపడితే మళ్లీ తీసి గుచ్చమనేవాడు. ఆ తర్వాత బెండు వంక చూస్తూ కూర్చోవడమే.

"ఎర గుచ్చు", "ఎర వెయ్యి", "ఎర తినేసి పోయిందిరా". ఇవన్నీ ఆయన నోట విన్నాను. "ఎర చూపు" అనగా మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. ఆ బురద నీళ్లలో జానెడు లోతుకు దిగాక ఎర మాకే కనపడేది కాదు, ఇక చేపకు చూపేదేముంది? 'ఆశ చూపి', 'ఎర వేసి' అనే రెండు మాటలు కలిసిపోయి 'ఎర చూపి' పుట్టిందని నా అనుమానం. మీరేమంటారు?

కరీంనగర్ నుంచి ఒకరు:
మా దిక్కు వానపామునే ఎర్ర అంటారన్నా. వర్మీ కంపోస్టును ఎర్రల ఎరువు అనడం మీరూ వినే ఉంటారు. రంగు ఎరుపు కాబట్టి ఎర్ర అన్నారని మా పిల్లలు అనుకుంటున్నారు. నాకైతే గాలానికి గుచ్చే ఎరే ఈ ఎర్ర అనిపిస్తుంది. పాత నిఘంటువుల్లో బండి ఱతో 'ఎఱ' అని ఉంటుంది. కానీ ఎరుపును చెప్పే 'ఎఱ్ఱ'కూ బండి ఱే కాబట్టి రాతను బట్టి తేల్చలేం.

బెంగళూరు నుంచి ఒకరు:
కన్నడంలో ఎర అంటే 'ఎరె', వానపాము 'ఎరెహుళు'. చూడగానే మీ మాటకు సాక్ష్యం దొరికిందనిపిస్తుంది. కానీ అక్కడ నల్లరేగడిని కూడా ఎరె అంటారు. ఎరెహుళు అంటే రేగడిమట్టి పురుగు అనే అర్థమూ కావచ్చు కాబట్టి తొందరపడకూడదు. తమిళంలో 'ఇరై', మలయాళంలో 'ఇర'. రెంటికీ జంతువుల తిండి, వేటకు చిక్కే ప్రాణి అనే అర్థాలున్నాయి. మలయాళంలో వానపాము 'మణ్ణిర', అంటే మట్టిలోని ఇర. మనమూ "పులికి ఎరయ్యాడు" అంటాం, పక్షి పిల్లలకు ఎర తెచ్చిందంటాం. కాబట్టి ముందు తిండి, ఆ తర్వాత గాలానికి గుచ్చే తిండి, చివరికి ఆ పురుగు పేరు. నేనైతే ఈ వరుసనే నమ్ముతాను.

ఇంకో మాట. మన పేపర్లు 'ఎర చూపి' అనేచోట కన్నడ పేపర్లు 'ఆమిష' అంటాయి. సంస్కృతంలో ఆమిషం అంటే మాంసం, ఎర కూడా.

విజయనగరం నుంచి ఒకరు:
మీ 'చూపి' అభ్యంతరానికి భాగవతం తోడుంది. అవధూత యదువుకు చెప్పిన 24 మంది గురువుల్లో మిడత ఉంది, చేప ఉంది. మిడత దీపాన్ని చూసి పడుతుంది, చేప రుచికి ఆశపడి గాలానికి చిక్కుతుంది. చేపది నాలుక బలహీనత, కంటిది కాదు.

(అడగకపోయినా ఒక మాట చెబుతాను. గాలం, గాలింపు ఒకే మాట నుంచి వచ్చాయని ఈ మధ్య ఎవరో రాశారు. నాకు ఒప్పుదల కాదు. గాలం కన్నడంలోనూ గాళమే. గాలించడం వడపోతను చెప్పే సంస్కృత 'గాలనం' వైపు మాట. బియ్యం గాలించడంలో ముల్లూ లేదు, ఎరా లేదు.)

కైకలూరు నుంచి ఒక పెద్దాయన:
బాబూ, మీ తాతయ్య పట్టింది జెల్లలు, ఇంగిలాయిలు అయ్యుంటాయి. అవి అడుగున బురదలో తిరిగే చేపలు. మీసాలతో తడుముకుంటూ, వాసన పట్టుకుంటూ వస్తాయి. వాటికి ఎర వేసి ఊరుకుంటే చాలు. కొర్రమీను సంగతి వేరు. అది గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, గుర్రపుడెక్క సందుల్లో కాపు కాస్తుంది. దానికి బెండూ అక్కర్లేదు, సీసం గుండూ అక్కర్లేదు. పొడుగాటి వెదురు కర్రకు కట్టిన గాలానికి చిన్న కప్పను గుచ్చి, దోనె ముందు భాగంలో నిలబడి, నీటి మీద తపతపలాడిస్తాం. నీళ్లకు తగిలీ తగలనట్టు ఆడించాలి. కొర్రమీను దాన్ని చూడాలి, చూసి ఎగిరి పట్టాలి. చూపకపోతే రాదు.

'ఎర చూపడం' తప్పని ఎలా అంటాం? మీరు చూసిన వేటలో ఆ మాటకు పని లేదు, అంతే.

మళ్లీ నేను:
బాబాయ్ గారూ, మీ మాటతో నా అనుమానం సగానికి పైగా సడలింది. కొర్రమీను గాలం నేనెప్పుడూ చూడలేదు. తాతయ్య దాని జోలికి పోలేదు, ఎందుకో అడిగే వయసు నాకు లేదు. ఉద్యోగం పేరుతో మోసం చేసేవాడు నీళ్లలోకి ఎర దింపి నిశ్శబ్దంగా కూర్చోడు కదా. ఆఫర్ లెటర్ కాగితం కళ్ల ముందు ఆడిస్తాడు. అక్కడ 'చూపి' సరిగ్గానే అమరుతుంది. పేరు చెప్పకుండా, కనపడకుండా ఉచ్చు బిగించే చోట మాత్రం 'ఎర వేసి' అనే రాయాలని ఇప్పటికీ అంటాను.

మీరు 'ఆడించడం' అన్నారే, మీ వైపు ఆ కప్ప గాలానికి విడిగా పేరేమైనా ఉందా? ఉంటే మీరు పలికినట్టే ఇక్కడ రాయండి.