అప్‌డేట్: ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేరాను, మొదటి ఏడాది అయిపోయింది

కెమిస్ట్రీ అంటే భయం, చెట్లూ చెరువులూ అంటే ఇష్టం, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకోవచ్చా అని పోయినేడాది అడిగాను కదా, చేరిపోయాను.

"కెమిస్ట్రీని తప్పించుకోలేవు" అన్నవాళ్లదే కరెక్ట్. అడవుల్లో తిరగడమే చదువనుకుని వెళ్తే మొదటి సెమిస్టరంతా టైట్రేషనే (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ రంగు మారేదాకా కొలవడం). కానీ భయం పోయింది, అదీ బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) టెస్ట్ పుణ్యమా అని. చెరువు నీళ్లు సీసాలో గాలి బుడగ కూడా లేకుండా నింపి, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చీకట్లో 5 రోజులు ఉంచి, ముందూ తర్వాతా కరిగిన ఆక్సిజన్ ఎంతో కొలవాలి, అంటే ఆ నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో తెలుస్తుందన్నమాట. నేను మొదటిసారి నీళ్లను పలచన చేయకుండానే పెట్టేశాను. 5 రోజుల తర్వాత చూస్తే ఆక్సిజన్ సున్నా! అది ఏ రోజున అయిపోయిందో తెలీదు కాబట్టి రీడింగ్ దేనికీ పనికిరాదు. మళ్లీ 5 రోజులు. కొలిచేది కూడా వింక్లర్ అనే కెమిస్ట్ 1888లో చెప్పిన పద్ధతిలోనే, స్టార్చ్ వేశాక వచ్చే నీలం రంగు ఒక్క చుక్కతో మాయమయ్యే క్షణం కోసం రెప్ప వేయకుండా చూస్తూ కూర్చోవాలి (నాకు ఇప్పుడు అదే ఇష్టమైన పని, నవ్వకండి).

అసలు టెన్షన్ స్టాటిస్టిక్స్‌తో. దాని గురించి ఒక్కరూ చెప్పలేదేంటండీ?

జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారం పెట్టి చూడటం) మాత్రం బాగా నచ్చింది, దానికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే కాబట్టి సెలవుల్లో సొంతంగా మ్యాపులు గీస్తున్నా. ఉద్యోగాల సంగతి అడిగినవాళ్లకు, ఇంకా ఆలోచించలేదు, ముందు స్టాటిస్టిక్స్ సప్లీ గట్టెక్కాలి.