పాత రోడ్ సైకిల్‌తో సుంకి ఘాట్ ఎక్కాలి: గేర్లు ముందు మార్చాలా, వెనక మార్చాలా?

సిమిలిగుడ_సైకిల్:

అందరికీ నమస్తే. పాత స్టీలు ఫ్రేము రోడ్ సైకిల్‌కి గేర్లు తేలిక చేయించాలి. షిమానో సోరా 8 స్పీడ్, గేర్లు బ్రేకు లివర్లలోనే ఉన్నాయి. ముందు రెండు చక్రాలు 52, 39 పళ్లవి (52/39), వెనక పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, 12 నుంచి 25 పళ్లది (12-25). వెనక డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) పొట్టి కేజ్‌ది, అంటే పుల్లీలుండే కింది చట్రం పొట్టిది. టైర్లు 700×25. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి రావాలి, కుదిరితే దేవమాలి కొండ రోడ్డు కూడా. 39-25లో (ముందు 39, వెనక 25) కూడా కూర్చుని తొక్కలేకపోతున్నాను, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ముందు కాంపాక్ట్ క్రాంక్ (చిన్న చక్రాలున్న 50/34 పెడల్ సెట్టు) వేస్తే సరిపోతుందా, లేక వెనక క్యాసెట్ మార్చాలా? ఇక్కడి షాపుల్లో ఎక్కువగా ఎంటీబీ (మౌంటెన్ బైక్) సామానే ఉంటుంది. మిగతాది విశాఖ నుంచి తెప్పించుకోవాలి.

కోరాపుట్_స్పోక్:

వెనకే మార్చు తమ్ముడూ. లెక్క చూడు. ఇప్పుడున్న 39-25లో పెడల్ ఒక చుట్టుకి సైకిల్ 3.28 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు 11.8 కి.మీ. నువ్వూ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే, 8 శాతం ఎత్తు మీద ఆ వేగానికి బరువు పైకి లాగడానికే 206 వాట్లు కావాలి. అంత శక్తి గంటసేపు అందరి వల్లా కాదు. అందుకే చుట్లు 40కి పడిపోయి భారమంతా మోకాళ్ల మీద పడుతోంది.

కాంపాక్ట్ ఒక్కటే వేస్తే 34-25 వస్తుంది, నిష్పత్తి (ముందు పళ్లు భాగించు వెనక పళ్లు; తక్కువైతే తేలిక) 1.36. క్యాసెట్ ఒక్కటే 11-32 వేస్తే 39-32, అంటే 1.22. తక్కువ ఖర్చుతో ఎక్కువ తేలిక వెనకే దొరుకుతుంది. అవే 60 చుట్లకి వేగం 9.2 కి.మీ.కి దిగుతుంది.

కానీ క్యాసెట్ ఒక్కటీ కొని బిగిస్తే పని చెడుతుంది. నీ పొట్టి కేజ్ డిరైలర్ 27 పళ్ల వరకే. పైగా ముందు, వెనక పళ్ల తేడాలు కలిపి అది చైన్ వదులు లాగి పట్టుకోగలిగేది 29 పళ్లే. ముందు తేడా 13 (52-39), వెనక తేడా 21 (32-11), మొత్తం 34 అవుతుంది. చైన్ పొడవుగా ఉంచితే చిన్న-చిన్న గేరులో (ముందూ వెనకా చిన్న చక్రాల మీద) వేలాడుతుంది. పొట్టిగా ఉంచితే పెద్ద-పెద్ద గేరు వేసిన క్షణంలో డిరైలర్‌ని హ్యాంగర్‌తో (అది తగిలించే ఫ్రేము చెవితో) సహా పీకేస్తుంది. రెండోది చాలా ప్రమాదం, వెనక చక్రం పుల్లలు కూడా పోతాయి.

మీ ఊళ్లో దొరికే ఎంటీబీ సామానే ఇక్కడ పనికొస్తుంది. షిమానోలో 7, 8, 9 స్పీడ్ రోడ్, ఎంటీబీ వెనక డిరైలర్లకి కేబుల్ లాగుడు (కేబుల్ ఎంత లాగితే డిరైలర్ ఎంత జరుగుతుందో ఆ లెక్క) ఒకటే. పాత డ్యూరా-ఏస్ 8 స్పీడ్ మాత్రం వేరు. కాబట్టి ఆల్టస్, ఎసెరా, అలివియో రకం పొడుగు కేజ్ డిరైలర్ తీసుకో, నీ సోరా లివర్‌తో క్లిక్కుకి క్లిక్కు సరిపోతుంది. 10 స్పీడ్ ఎంటీబీది ఊరికే ఇచ్చినా వద్దు, దాని లాగుడు వేరు. ఇంకోటి: కొన్ని డిరైలర్లు ఇరుసుకి తగిలించే కొక్కెం పలకతో వస్తాయి. నీ ఫ్రేముకి హ్యాంగర్ ఉంటే ఆ పలక లేనిది అడుగు.

క్యాసెట్ విప్పడానికి చైన్ విప్ (పళ్లు తిరక్కుండా పట్టేది), లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే రింగు) టూలు కావాలి. బిగించేటప్పుడు 40 న్యూటన్ మీటర్లు. కొత్త క్యాసెట్‌తో వచ్చిన లాక్‌రింగే వాడు. 12 పళ్లదాని రింగు కాస్త పెద్దది, 11 పళ్ల చక్రం దగ్గర చైన్‌కి అడ్డొస్తుంది.

చైన్ కూడా కొత్తదే వేయాలి. అరిగిన చైన్ కొత్త పళ్ల మీద ఎగిరిపోతుంది, అదీ సరిగ్గా ఎత్తు మీద బలంగా తొక్కేటప్పుడే. వెనక 7 పళ్లు పెరిగాయి కాబట్టి పాత పొడవు చాలదు, దాదాపు 4 లింకులు పెరగాలి. చైన్‌ని డిరైలర్‌లో దూర్చకుండా 52 మీద, 32 మీద చుట్టి, కలిసిన చోటు నుంచి 2 లింకులు అదనంగా ఉంచి కొయ్యి. లింకులు 116 ఉన్న చైన్ నీకు చాలు, కొంత మిగులుతుంది కూడా.

ఒక నష్టం ఉంది, ముందే తెలుసుకో. 12-25లో 15 తర్వాత 17, 19 వస్తాయి. 11-32లో 15 నుంచి ఒకేసారి 18కి దూకుతుంది. పొట్టంగి నుంచి సిమిలిగుడ వైపు రోడ్డు కాస్త తేలికయ్యాక ఆ ఖాళీ కాళ్లకి తెలుస్తుంది. ఘాట్ కోసం భరించాలి.

జయపురం_పెడల్:

స్పోక్ గారు చెప్పింది సరైనదే. ఒక్కటి కలుపుతాను. సైకిల్ మరీ పాతదైతే వెనకున్నది క్యాసెట్టో, మరతో బిగించే ఫ్రీవీలో ముందు చూసుకోండి. పళ్లని వెనక్కి తిప్పండి. టూలు దూరే గాడి పళ్లతో పాటు తిరిగితే క్యాసెట్, తిరక్కుండా నిలబడితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయితే చక్రం హబ్బే మార్చాలి, లేదంటే 14-28 ఫ్రీవీల్‌తో సరిపెట్టుకోవాలి.

32 వేశాక కూడా బరువనిపిస్తే అప్పుడు కాంపాక్ట్. మీ క్రాంక్ 130 బీసీడీ (రింగు బోల్టుల వలయం వ్యాసం 130 మి.మీ.) అయితే దానికి 38 కంటే చిన్న రింగు పట్టదు, కాబట్టి రింగు కాదు, క్రాంకే మార్చాలి. 50/34 వేస్తే 34-32, నిష్పత్తి 1.06, వేగం గంటకు 8 కి.మీ. తేడాలు కలిపితే 37 అవుతుంది, పొడుగు కేజ్ డిరైలర్ దాన్ని మోస్తుంది. ముందు డిరైలర్‌ని 4 మి.మీ. కిందికి దించాలి, 52కీ 50కీ వ్యాసార్థంలో తేడా అంతే. పెద్ద రింగు పళ్లకీ కేజ్‌కీ మధ్య 1 నుంచి 3 మి.మీ. ఉండాలి. బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు బేరింగ్) విప్పేటప్పుడు కుడివైపు కప్పు మర మామూలుగా ఎదురుది, కుడికి తిప్పితేనే ఊడుతుంది. ఎడమకి బలం పెట్టి ఫ్రేము మర పాడుచేసుకోవద్దు.

సిమిలిగుడ_సైకిల్:

అన్నా, క్యాసెట్టే అని తేలింది. 11-32, పొడుగు కేజ్ ఎసెరా, కొత్త చైన్ వేశాం. 28 దాకా బాగానే ఉంది. 32కి వేస్తే గరగర చప్పుడు, డిరైలర్ పై పుల్లీ (చిన్న పళ్ల చక్రం) ఆ 32 పళ్లకి తగులుతోంది. డిరైలర్ తప్పుగా కొన్నామా?

కోరాపుట్_స్పోక్:

తప్పు కాదు, బీ స్క్రూ బిగించలేదు. హ్యాంగర్ వెనక ఆనుకునే చిన్న స్క్రూ అది. ముందు చిన్న రింగు, వెనక 32 వేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ ఆ స్క్రూ లోపలికి బిగించు. పుల్లీ పళ్లకీ 32 పళ్లకీ మధ్య 5, 6 మి.మీ. వచ్చేదాకా చాలు. మరీ ఎక్కువ బిగిస్తే చిన్న పళ్ల మీద గేరు మెల్లగా పడుతుంది. స్క్రూ చివరిదాకా వచ్చినా తగులుతుంటే దాన్ని ఊడదీసి వెనక వైపు నుంచి తిప్పి ఎక్కించు, తల మందం ఆ రెండు మూడు మిల్లీమీటర్లు కలుపుతుంది.

తర్వాత ఎల్ అని రాసున్న స్క్రూ చూడు. 32 మీద ఉన్నప్పుడు చేత్తో డిరైలర్‌ని లోపలికి నెట్టినా చైన్ పుల్లల వైపు దాటకూడదు. ఇది స్టాండు మీద చూసుకోకుండా ఘాట్‌కి బయల్దేరొద్దు. వెనక నిలబడి చూస్తే డిరైలర్ కేజ్ చక్రానికి సమాంతరంగా కనబడాలి. లోపలికి వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టు. నీది స్టీలు ఫ్రేము కాబట్టి షాపులో గేజ్ పెట్టి వంచి సరిచేస్తారు.