పే స్లిప్ చూసి షాక్, పక్క సీటు లిబర్టేరియన్

అందరికీ నమస్కారం. హెచ్-1బీ మీద డాలస్ వచ్చి రెండు నెలలైంది. మొదటి పే స్లిప్‌లో కోతలు చూసి కళ్ళు తిరిగాయి. పక్క సీటాయన "పన్ను అంటే దొంగతనమే" అని రాసున్న కప్పులో కాఫీ తాగుతూ నవ్వాడు. రిపబ్లికనా అంటే కాదు, లిబర్టేరియన్‌ని అన్నాడు. ఎవరండీ వీళ్ళు? ఆయన మాటలకు తలూపొచ్చా?

*

తమ్ముడూ, తల ఎంతైనా ఊపు. సంతకాల దగ్గరే జాగ్రత్త.

వాళ్ళ పార్టీ 1971లో కొలరాడోలో పుట్టింది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో వాళ్ళ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి దాదాపు 45 లక్షల ఓట్లొచ్చాయి, వాళ్ళకి ఇప్పటిదాకా అదే ఎక్కువ. పార్టీ చిన్నదే కానీ ఆ ఆలోచన ఉన్నవాళ్ళు చాలామంది. నీ ఒళ్ళు, నీ మాట, నీ సంపాదన నీవి, ఇంకొకరికి హాని చేయనంతవరకు సర్కారుకు నీతో పని లేదు అంటారు. పోలీసు, కోర్టు, సైన్యం ఉంటే చాలట. అందుకే పన్నుల దగ్గర రిపబ్లికన్‌లా, గంజాయి దగ్గర డెమొక్రాట్‌లా వినిపిస్తారు. న్యాయమైన పన్ను ఏదంటే వాళ్ళలో వాళ్ళకే పడదు. అందరికీ ఒకటే రేటు అని కొందరు, సంపాదన మీద కాదు ఖర్చు మీదే వేయాలని కొందరు, అసలే వద్దని మీ కప్పు ఆయన.

ఇక నీ పే స్లిప్. సోషల్ సెక్యూరిటీకి (సర్కారు పెన్షన్) 6.2 శాతం, మెడికేర్‌కి (పెద్దవాళ్ళ వైద్య బీమా) 1.45 శాతం పోతాయి, కంపెనీ కూడా అంతే కడుతుంది. ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ వేరే. జీతంలోంచి దాన్ని ముందే కోసే పద్ధతి 1943లో, యుద్ధం ఖర్చుల కోసం వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. తర్వాత ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని ఊరూరా వాదించింది కూడా ఆయనే! చేతికి రాని డబ్బు పోయినట్టు అనిపించదు కదా, వీళ్ళ కోపం అక్కడే. ఏప్రిల్‌లో రీఫండ్ వస్తే మనం పండగ చేసుకుంటాం. అది సర్కారుకు నువ్విచ్చిన వడ్డీ లేని అప్పు అంటారు వాళ్ళు. ఆ మాట నిజమే, కాబట్టి జీతంలోంచి పన్ను ఎంత కోయాలో కంపెనీకి చెప్పే ఫారం, డబ్ల్యూ-4, సరిగ్గా నింపు.

సోషల్ సెక్యూరిటీ విషయంలో మాత్రం నేనూ మీ కప్పు ఆయన పక్షమే. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ళ పని. ఇండియాతో దీనిమీద ఒప్పందం లేదు. ఎనిమిదేళ్ళకి తిరిగెళ్ళిపోయిన మా ఫ్రెండ్ కట్టిందంతా ఇక్కడే ఉండిపోయింది.

టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని మురిసిపోకు. ఇల్లు కొన్నాక ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి మాట్లాడుకుందాం.

అసలు సంగతి ఇది. ఆయన సిటిజన్, నువ్వు వీసా మీద ఉన్నావు. గంజాయికి కొన్ని స్టేట్లు అనుమతిచ్చినా ఫెడరల్ చట్టంలో అది నేరమే, నీ వీసా చూసేది ఫెడరల్ వాళ్ళే. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదవుతారా అంటే వద్దను. పొరపాటున సిటిజన్ అని టిక్ పెడితే గ్రీన్ కార్డుకే ఎసరు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఏ పార్టీ ప్రచారానికీ చందా ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. కానీ రోడ్డు మీద పోలీసు ఆపి కారు వెతకొచ్చా అని అడిగితే మర్యాదగా "వద్దండి" అనే హక్కు నీకూ ఉంది. ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం ఈ తెలివి చూపించకు.

*

అన్నయ్యగారూ, వాళ్ళవి ఉత్త కాఫీ కబుర్లు కాదు. ఇక్కడ దారంతో కనుబొమలు తీయడానికి కూడా 750 గంటల కోర్సు చేసి లైసెన్స్ తెచ్చుకోమనేవాళ్ళు. అందులో చాలా గంటలకి దారంతో సంబంధమే లేదు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే లిబర్టేరియన్ లాయర్ల సంస్థ త్రెడింగ్ చేసేవాళ్ళ తరఫున కొట్లాడింది. 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ రూల్ కొట్టేసింది. అప్పటికే నేను ఒక స్కూల్లో ఫీజు కట్టేసి ఉన్నాను, తిరిగివ్వలేదనుకోండి. అలాగని ప్రాపర్టీ టాక్స్ తీసేయమని మాత్రం అనను. మా పిల్లల బడి చాలావరకు నడిచేది దాంతోనే.

*

థాంక్స్ అన్నా, అక్కా. రేపు ఆయన్ని త్రెడింగ్ కేసు గురించి అడుగుతా. డబ్ల్యూ-4లోనే ఒక డౌట్. మా ఆవిడ ఇంకా ఇండియాలోనే ఉంది, ఏ గడిలో టిక్ పెట్టాలి?