యూరిన్‌లో ప్రోటీన్ ‘నిల్’, ఏసీఆర్ మాత్రం 86. గుండెకి రిస్కు అంటారేంటి?

అమలాపురం వాసి
నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ లేదు. ఆమ్లోడిపిన్ 5 వేసుకుంటున్నా బీపీ 150/90 దగ్గరే ఉంటోంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 0.9. మామూలు యూరిన్ పరీక్షలో ప్రోటీన్ లేదు. డాక్టరుగారు ఏసీఆర్ (యూరిన్‌లో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి) చేయిస్తే 86 వచ్చింది, గుండెకి రిస్కు అన్నారు. కిడ్నీలు బాగానే ఉంటే గుండె మాట ఎందుకొచ్చిందండీ?

ల్యాబ్ టెక్, కాకినాడ
అంత తక్కువ అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) మామూలు పరీక్షలో యూరిన్‌లో ముంచే స్ట్రిప్‌కి దొరకదండి. పైగా నీళ్లు బాగా తాగి ఇస్తే ఇంకా పలచబడిపోతుంది. ఏసీఆర్‌లో అల్బుమిన్‌ని క్రియాటినిన్‌తో భాగిస్తారు కాబట్టి ఆ గొడవ ఉండదు. గ్రాము క్రియాటినిన్‌కి అల్బుమిన్ 30 మి.గ్రా. లోపు మామూలు, 30–300 అయితే మైక్రోఅల్బుమిన్, అంటే కొద్దిగా ఎక్కువ పోతోందని. అయితే ఒక్క రిపోర్టుతో ఖాయం చేసేయకండి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయించి, రెండింట్లో ఎక్కువొస్తేనే లెక్క. పొద్దున్నే మొదటి యూరిన్, మధ్యధార పట్టాలి. ముందురోజు కోతలకో కొబ్బరి దింపుకో వెళ్లినా, జ్వరమున్నా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా అంకె ఊరికే పెరుగుతుంది. బక్కపలచని పెద్దవాళ్లలో యూరిన్‌లోకొచ్చే క్రియాటినిన్ తక్కువ కాబట్టి కూడా ఎక్కువ చూపించొచ్చు.

ఫిజీషియన్, రాజమండ్రి
కిడ్నీ వడపోత గదుల్లో ఉన్నవి సన్న రక్తనాళాలే. బీపీకి వాటి లోపలి పొర దెబ్బతింటే అల్బుమిన్ జారిపోతుంది. అదే పొర గుండె, మెదడు నాళాల్లోనూ ఉంది, అక్కడి నష్టం మాత్రం బయటికి కనపడదు. క్రియాటినిన్ పెరిగేది చాలా ఆలస్యంగా. నిజానికి 30 అనేది మనం గీసుకున్న గీత, రిస్కు దానికి కిందనుంచే మెల్లగా పెరుగుతూ ఉంటుంది.
ఆమ్లోడిపిన్ బీపీ తగ్గిస్తుంది గానీ అల్బుమిన్ మీద పెద్దగా పనిచేయదు. టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ లాంటిది కలపాలా అని మీ డాక్టరుగార్ని అడగండి. ఏదో ఒకటే, రెండూ కలిపి వద్దు. మొదలుపెట్టిన 2–4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ 30 శాతం వరకు పెరిగినా సాధారణంగా మందు ఆపరు. ఈసీజీ, కొలెస్ట్రాల్ కూడా చేయించండి.

అమలాపురం వాసి
నాన్నగారు రోజూ రెండు కొబ్బరిబొండాలు తాగుతారు. ఆపాలా?

ఫార్మసిస్టు, రావులపాలెం
గ్లాసు కొబ్బరినీళ్లలో 400–600 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగుంటే భయం లేదు, అయినా టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి పొటాషియం పెంచొచ్చు కాబట్టి, ఆ మందు మొదలెట్టాక పొటాషియం రిపోర్టు వచ్చేదాకా తగ్గించండి. ‘బీపీ ఉప్పు’ అని అమ్మేదాంట్లో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. మామూలు ఉప్పు అన్నీ కలిపి రోజుకి 5 గ్రాములు దాటకూడదు, ఎండుచేపలు, ఆవకాయ ఉన్న ఇంట్లో అది ఇట్టే దాటుతుంది. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ కొట్లో అడిగి వేసుకోకండి, కిడ్నీకి దెబ్బ. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ మాత్ర వేసే ముందు డాక్టరుగారికి ఫోన్ చేయండి.